పాత కారుకి చౌక పెయింటింగ్: కొట్టించాలా, వద్దా?

“ఫుల్ బాడీ ముప్పై వేలల్లో కొట్టిచ్చేస్తం అన్నా, కొత్త బండి లెక్క అయితది” అని షెడ్డులో చెప్పగానే చాలామంది “ఏ కంపెనీ రంగు వేస్తారు?” అని అడుగుతారు. అది తర్వాత అడిగినా నష్టం లేదు. అదే రకం రంగు హైదరాబాద్‌లో రాణీగంజ్‌లో కొన్నా, కాలనీ చివర షాపులో కొన్నా ధరలో పెద్ద తేడా ఉండదు. ఒకాయన ముప్పై వేలకీ ఇంకొకాయన అరవై వేలకీ ఒప్పుకుంటున్నారంటే, మొదటాయన ఎక్కువగా తగ్గించేది చేతి పనిని. పాత రంగు రుద్దడం, రబ్బరు బీడింగులు విప్పడం, ప్రైమర్ పూర్తిగా ఆరేదాకా ఆగడం లాంటివి. వీటికి కూలీ పోతుంది, రోజులు పోతాయి. షెడ్డు నుంచి బయటికొచ్చిన రోజున ఈ తేడా మీకు కనిపించదు, ఒక వానాకాలం గడిచాక కనిపిస్తుంది.

అందుకని నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చేతిలో ఉన్నది పాతిక ముప్పై వేలే అయితే ఆ డబ్బుతో బండి మొత్తానికీ పైపైన రంగు కొట్టించకండి. బాగా పాడైన రెండు మూడు ప్యానెళ్లు, అంటే బానెట్, డోరు లాంటి విడి భాగాలు, పట్టుకుని వాటినే గట్టిగా చేయించండి. కొన్ని బండ్లకైతే అసలు రంగు జోలికే పోనక్కర్లేదు. మీ బండి ఎందులోకి వస్తుందో ఇంటి దగ్గరే, ఒక పొద్దున్న కూర్చుని తేల్చుకోవచ్చు.

మా నాన్న లాలాపేటలో చాలా ఏళ్లు డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు నడిపాడు. బడి వదలగానే అక్కడికెళ్లి వాటర్ పేపర్‌తో ప్రైమర్ రుద్దుతూ పెరిగాను. ఇప్పుడు నా ఉద్యోగం వేరు. అయినా చుట్టాల్లో ఎవరి కారు వెలిసిపోయినా ఫోన్ నాకే వస్తుంది. ఈ మధ్య మా అక్కావాళ్ల 2010 వ్యాగన్ఆర్ విషయంలో అలాగే వచ్చింది. వెండి రంగు బండి. సైనిక్‌పురిలో వాళ్ల అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక్క పార్కింగే ఉంది, అది కొత్త కారుకి ఇచ్చేశారు. దీనికి రోడ్డు మీద చెట్టు నీడే దిక్కు. పైన పావురాలు, మధ్యాహ్నం చెట్టు నీడ జరిగిపోయాక ఎండ. ఈ రాసేదాంట్లో ఉదాహరణలు ఎక్కువగా ఆ బండివే.

ముందు కడిగి చూడండి

దుమ్ము మీద నిర్ణయం తీసుకోవద్దు. షాంపూతో కడిగి, ఆరబెట్టి, పొద్దున ఏడు ఎనిమిది మధ్య ఏటవాలు వెలుతురులో చూడండి. నడిమధ్యాహ్నం చూస్తే అన్నీ తళతళలాడి లోపాలు దాక్కుంటాయి. బోరు నీళ్లతో ఏళ్ల తరబడి కడిగిన బండ్ల మీద తెల్లటి గుండ్రని మరకలు ఉంటాయి. అవి రంగు పోవడం కాదు, నీళ్లలోని ఉప్పు. చాలావరకు పాలిష్‌కి పోతాయి.

ఇక అసలు సంగతి. వెలిసిపోయిన రంగు రెండు రకాలు. ఒకటి, పైపొర మసకబారింది కానీ ఊడలేదు. ఒక మూల కొంచెం రబ్బింగ్ కాంపౌండ్ పెట్టి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. పాత ఎరుపు, తెలుపు లాంటి క్లియర్ (రంగు మీద కొట్టే పారదర్శక పొర) లేని సాదా రంగులైతే గుడ్డకి రంగు అంటుకుంటుంది, కింద నుంచి మెరుపు బయటపడుతుంది. అలా పడితే మీకు పెయింటింగ్ అక్కర్లేదు. రెండు మూడు వేల రూపాయల రబ్బింగ్, పాలిషింగ్ చాలు.

రెండోది, మెటాలిక్ రంగుల మీద ఉండే క్లియర్ కోటు పెచ్చులుగా లేవడం. బానెట్ మీదా, రూఫ్ మీదా అంచులు తెల్లబడిన మచ్చలుగా కనిపిస్తుంది. గోరు పెట్టి అంచు మీదుగా లాగితే మెట్టులా తగులుతుంది. ఈ దశ వచ్చాక రబ్బింగ్‌తో తిరిగి రాదు. రుద్దేకొద్దీ అంచు ఇంకా లేస్తుంది. “సిరామిక్ కోటింగ్ చేస్తే ఆగిపోతుంది సార్” అని ఎవరైనా అంటే నమ్మకండి. ఊడిపోతున్న పొర మీద ఏది పూసినా దానితోపాటే ఊడుతుంది. స్టిక్కర్ ర్యాప్ వేయించినా అంతే. తీసేటప్పుడు మిగిలిన క్లియర్‌ని కూడా పట్టుకొస్తుంది.

కంపెనీ వేసిన రంగు మొత్తం మందం ఎంతో తెలిస్తే జాగ్రత్త పడతారు. తుప్పు పట్టకుండా వేసే అడుగు కోటు, ప్రైమర్, రంగు, క్లియర్ అన్నీ కలిపినా సుమారు 100 నుంచి 130 మైక్రాన్లు. జిరాక్స్ కాగితం ఒక్కటి ఎంత మందమో ఇంచుమించు అంతే. అందులో క్లియర్ వాటా 40, 50 మైక్రాన్లు. ప్రతి రబ్బింగూ అందులోంచే కొంత తినేస్తుంది. ప్రతి దసరాకీ రబ్బింగ్ చేయించే అలవాటు ఉంటే మానుకోండి.

తుప్పు దొరికితే లెక్క వేరు

హైదరాబాద్‌కి సముద్రం దూరం కాబట్టి ఇక్కడే తిరిగిన బండికి విశాఖ బండికి పట్టినంత తుప్పు పట్టదు. కానీ సెకండ్ హ్యాండ్‌లో కొన్నారంటే అది ఎక్కడ తిరిగిందో మీకు తెలియదు. 2020 అక్టోబర్ వరదల్లో మన ఊళ్లోనే ఎన్నో కార్లు సీట్ల దాకా మునిగాయి. వాటిలో కొన్ని ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి.

చూడాల్సిన చోట్లు బయటికి కనిపించవు. డోర్ తెరిచి, వంగి, అడుగు అంచు చూడండి. అక్కడ నీళ్లు కారిపోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. ఆకులు, మట్టి చేరి మూసుకుపోతే వాన నీళ్లు డోర్ లోపలే నిలుస్తాయి, తుప్పు లోపలి నుంచి బయటికి వస్తుంది. మీకు కనిపించే చిన్న పొక్కు దాని చివరి అంకం. తర్వాత డోర్ చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్‌ని కొంచెం పైకి లాగి కింద ఉన్న రేకు చూడండి. డిక్కీలో మ్యాట్ ఎత్తి స్టెప్నీ గుంట, బానెట్ ఎత్తి బ్యాటరీ ట్రే, రూఫ్ పక్కన నీళ్లు జారే గాడి, ఇవన్నీ వేలితో తడిమి చూడండి.

అన్నిటికంటే ముఖ్యం రన్నింగ్ బోర్డు, అంటే డోర్ల కింద పొడుగ్గా ఉండే భాగం. నాన్న స్క్రూడ్రైవర్ తిరగేసి పిడితో దాని పొడవునా తట్టుకుంటూ పోయేవాడు. మంచి రేకు ఖంగుమంటుంది. తుప్పు తిన్న చోట శబ్దం మెత్తబడుతుంది, పాత పుట్టీ (సొట్టలు పూడ్చే ముద్ద) ఉన్న చోట మొద్దుగా దబ్‌మంటుంది. చెవి మీద నమ్మకం లేకపోతే ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి జరపండి. పుట్టీ మందంగా ఉన్న చోట అది పట్టుకోదు. ప్లాస్టిక్ బంపర్ మీద ఎలాగూ పట్టదు, దాన్ని చూసి కంగారు పడకండి.

రంధ్రం పడిన చోట రేకు కోసి, కొత్త రేకు వెల్డింగ్ పెట్టాలి. చౌక పనిలో అలా చేయరు. తుప్పు మీద ఎమరీ పేపర్‌తో నాలుగు గీతలు గీసి పుట్టీ నింపేస్తారు. పుట్టీ తేమ పీల్చుకుంటుంది. లోపల తుప్పు తన పని తాను చేసుకుపోతూ ఉంటుంది, ఒకటి రెండు వానాకాలాల్లో మళ్లీ పొక్కు లేస్తుంది. కాబట్టి రన్నింగ్ బోర్డు రెండు వైపులా, కింద ఫ్లోర్ కూడా తినేసి ఉంటే ఆ బండికి రంగు ఖర్చు దండగ. అక్కడి బలం పోతే అది అందం సమస్య కాదు, లోపల కూర్చునేవాళ్ల భద్రత సమస్య. ఏదో ఒక మూల చిన్న చిల్లు ఉంటే మాత్రం భయపడక్కర్లేదు, వెల్డింగ్‌తో సరిపోతుంది.

బండి ఇంకెన్నాళ్లు ఉంచుకుంటారు?

ఆర్‌సీ తీసి గడువు తేదీ చూడండి. సొంత కారుకి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకి ఉంటుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. 2022 ఏప్రిల్ నుంచి కారు రెన్యువల్ ఫీజే 5,000 రూపాయలైంది, ఇరవై ఏళ్లు దాటితే ఇంకా ఎక్కువ. గ్రీన్ ట్యాక్స్ అదనం. ఏడాదిలో గడువు అయిపోతుంటే ముందు ఆ సంగతి తేల్చుకోండి. రెన్యువల్ చేయించాలనుకుంటే బండిని తనిఖీకి తీసుకెళ్లి చూపించాల్సిందే. కాబట్టి టైర్లు, బ్రేకులు, లైట్లు ముందు, రంగు తర్వాత. రెన్యువల్ చేయించాక ఇంకో ఐదేళ్లు నడుపుతామంటే అప్పుడు పెయింటింగ్‌కి అర్థం ఉంది.

అమ్మడానికి ముందు రంగు కొట్టిస్తే ధర పెరుగుతుందని అనుకుంటారు. పాత బండ్ల దగ్గర నేను చూసినంతవరకు అది తిరిగిరాని డబ్బు. పాత కార్లు కొనేవాళ్లు ఇప్పుడు రంగు మందం కొలిచే మీటర్ పెట్టి ప్యానెల్ ప్యానెల్‌కీ చూస్తున్నారు. మీటర్ లేనివాడు కూడా బానెట్ ఎత్తి ఫెండర్ (ముందు చక్రం పైనుండే రేకు) బోల్టుల మీద పానా గీతలు చూస్తాడు. బండి మొత్తం కొత్త రంగుతో మెరుస్తుంటే “ఏం దాచారు, యాక్సిడెంటా, వరదా?” అనే మొదటి అనుమానం. వెలిసిపోయిన కంపెనీ రంగుకే ఎక్కువ మర్యాద. మా అక్కావాళ్ల బండికి అడిగినచోటల్లా లక్షా పది, లక్షా ముప్పై వేల మధ్యే చెప్పారు. రంగు కొట్టిస్తే ఎంతిస్తారని అడిగితే ఎవరూ అంకె పెంచలేదు. అమ్మేట్టయితే కడిగి, రబ్బింగ్ చేయించి, సీట్లు శుభ్రం చేయించి అమ్మేయండి.

ఇన్సూరెన్స్ గురించి ఒక్క మాట. ఎండకి వెలిసిపోవడం, తుప్పు ఏ పాలసీలోకీ రావు. ఫుల్ పాలసీ ఉండి, ఎవరో గుద్ది సొట్ట పడితే ఆ ప్యానెల్ వరకు క్లెయిమ్ చేసుకోవచ్చు. కానీ పెయింట్ సామాను ఖర్చులో సగం తరుగుదల కింద కోసేస్తారు, 1500 సీసీ లోపు కారుకి ఎలాగూ మొదటి 1,000 రూపాయలు మీరే పెట్టుకోవాలి, పైగా నో క్లెయిమ్ బోనస్ పోతుంది. ఒక్క చిన్న సొట్టకి అది గిట్టుబాటు కాదు.

షెడ్డులో ఏం అడగాలి

మాకు చెప్పిన రేట్లు ఇవి. రోడ్డు పక్క షెడ్డులో ఫుల్ బాడీ 28,000. బూత్, అంటే రంగు కొట్టడానికి మూసిన గది, ఉన్నచోట 55,000. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఒక్కో ప్యానెల్‌కే ఐదు వేల దగ్గర. 28,000 చెప్పినతని దగ్గర కూర్చుని, ఒక్కో పనీ అడిగాను.

మొదట బీడింగులు, డోర్ హ్యాండిళ్లు, లైట్లు, అద్దాలు విప్పుతారా, టేపు వేసి కొడతారా అని. టేపు వేసి కొడతాం అన్నాడు. అలా చేస్తే రబ్బరు అంచు దగ్గర రంగు ఒక గట్టులా ఆగిపోతుంది. నీళ్లు ముందు అక్కడే దూరతాయి, పెచ్చు అక్కడే లేవడం మొదలవుతుంది. పాత చౌక పెయింటింగ్ బండి ఏదైనా దగ్గర నుంచి చూడండి, హ్యాండిల్ చుట్టూ, గ్లాసు రబ్బరు పక్కనా మొదటి పెచ్చు కనిపిస్తుంది.

రెండోది ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగా, పీయూ (పాలీయురేథేన్) రంగా. ఎన్‌సీ రంగు, దాన్ని పల్చబరచడానికి కలిపిన తిన్నర్ ఎగిరిపోతే ఆరిపోతుంది, అంతే. దానికి గట్టిపడే గుణం లేదు, పెట్రోల్ పడినా మరక పడుతుంది, రెండు మూడు ఎండాకాలాల్లో మసకబారుతుంది. పీయూలో హార్డనర్ కలుపుతారు, రసాయనికంగా గట్టిపడుతుంది. రోజూ ఎండలో ఉండే బండికి పీయూ తప్ప వేరేది వద్దు. క్లియర్ కూడా హార్డనర్ కలిపేదే కావాలి, రెండు కోట్లు కొట్టాలి. డబ్బాలు మీ కళ్లముందే విప్పమని అడిగితే మంచి పెయింటర్ ఏమీ అనుకోడు. ఆ హార్డనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులకి చాలా ప్రమాదం, ఉబ్బసం తెచ్చిపెడతాయి. మూతికి కట్టుకునే దస్తీ వాటిని ఆపదు. సరైన మాస్క్ పెట్టుకుని పనిచేసే చోటికే పని ఇవ్వండి. ఆ మాస్క్ ఖర్చు కూడా రేటులో ఉండాల్సిందే, దాని దగ్గర బేరం ఆడొద్దు.

మూడోది రంగు కోడ్. బండి మీద రేకు ప్లేటు మీదో స్టిక్కర్ మీదో ఉంటుంది. మారుతిలో తెలుపు సుపీరియర్ వైట్‌కి 26యూ, వెండి రంగు సిల్కీ సిల్వర్‌కి జెడ్2ఎస్. కోడ్ ప్రకారం కలిపినా పదిహేనేళ్ల ఎండ తిన్న పక్క ప్యానెల్‌తో కలవకపోవచ్చు. అందుకే ముందు ఒక రేకు ముక్క మీద రంగు, క్లియర్ రెండూ కొట్టించి, దాన్ని ఫెండర్ పక్కన పెట్టి నీడలో ఒకసారి, ఎండలో ఒకసారి చూడాలి. వెండి రంగు అన్నిటికంటే కష్టం. స్ప్రే గన్ ప్రెషర్ మారినా, తిన్నర్ ఎక్కువైనా లోపలి రేణువులు వేరేలా పడుకుని ఛాయ మారిపోతుంది. తెలుపు బండి వాళ్లకి ఈ బాధ చాలావరకు లేదు.

వేరే రంగు వేయిద్దామనే సరదా ఉంటే వదిలేయండి. ఆర్‌సీలో రంగు రాసి ఉంటుంది, మారిస్తే ఆర్టీఏలో నమోదు చేయించాలి. పైగా డోర్ల లోపల, బానెట్ కింద పాత రంగు కనబడుతూనే ఉంటుంది. ఇంకొకటి, ఛాసిస్ నంబర్ కొట్టి ఉన్నచోట పుట్టీ, రంగు మందంగా పడకుండా చూసుకోండి. రెన్యువల్‌లో ఆ నంబర్ ప్రింట్ తీసుకునేటప్పుడు అక్షరాలు పడకపోతే తిప్పలు మీకే.

మా అక్కావాళ్ల బండికి చేసింది

రూఫ్, బానెట్ మీద క్లియర్ పూర్తిగా లేచిపోయింది. డోర్లు, ఫెండర్లు మసకగా ఉన్నాయి కానీ పొర గట్టిగా ఉంది. ఎడమ రన్నింగ్ బోర్డు వెనక చివర చిన్న చిల్లు. ఆర్‌సీ అప్పటికే ఐదేళ్లకి రెన్యువల్ అయింది, బావగారు అమ్మే ఉద్దేశంలో లేరు. కాబట్టి రూఫ్‌కి 6,000, బానెట్‌కి 4,000, రన్నింగ్ బోర్డు కోసి వెల్డింగ్ పెట్టి రంగు వేయడానికి 3,500, మిగతా బాడీకి రబ్బింగ్ 2,500. మొత్తం 16,000. ఫుల్ బాడీకి అడిగినదాంట్లో మిగిలిన డబ్బుతో ముందు టైర్లు రెండూ మార్చారు.

ఛాయ కలవదేమో అని అక్క భయపడింది. రూఫ్‌కి రెండు పక్కలా నల్ల గాడి ఉంటుంది, అక్కడితో రంగు ఆగిపోతుంది కాబట్టి తేడా పట్టుకోవడం కష్టం. బానెట్ పడుకుని ఉంటుంది, ఫెండర్ నిలబడి ఉంటుంది, వెలుతురు రెండింటి మీదా ఎలాగూ వేరుగా పడుతుంది. అదే ఒక్క డోరు మాత్రమే కొట్టించి ఉంటే వెండి రంగులో ఇట్టే దొరికిపోయేది. పక్క ప్యానెల్ మీదికి రంగు కలుపుకుంటూ పోవాల్సి వచ్చేది.

బానెట్ రుద్దుతున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. లేచిన క్లియర్ అంచుని 320 నంబర్ వాటర్ పేపర్‌తో పల్చబరుస్తున్నారు, ఆ తర్వాత ప్రైమర్, దాని మీద 800 నంబర్ పేపర్. కుర్రాడు ఒకచోట అయిపోయిందన్నాడు. చూపుకి నున్నగానే ఉంది. అరచేయి పెట్టి మెల్లగా జరిపితే మధ్యలో సన్నటి గట్టు తగిలింది. చెప్పగానే ఉస్తాద్ తన చెయ్యి పెట్టి చూసి, ఏం మాట్లాడకుండా మళ్లీ పేపర్ అందించాడు. ఆ గట్టు అలాగే వదిలేస్తే క్లియర్ పడ్డాక ఎండలో గీతలా కనబడేది. పని మధ్యలో ఒకసారి ప్రైమర్ దశలో వెళ్లి చూడండి. రంగు పడ్డాక మీరు పట్టుకోగలిగేది ఏమీ ఉండదు.

కాలం కూడా చూసుకోండి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఓపెన్ షెడ్డులో రంగు వద్దు. గాలిలో తేమ పొర మీద చేరి, ముఖ్యంగా ఎన్‌సీ రంగు పాలలా తెల్లబడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో వేడికి గన్ నుంచి పడేలోపే తిన్నర్ ఎగిరిపోయి నారింజ తొక్కలా గరుకు తేలుతుంది, దుమ్ము సరేసరి. నవంబర్ నుంచి ఫిబ్రవరి మన ఊళ్లో మంచి కాలం. బూత్ ఉంటే 60 డిగ్రీల దగ్గర అరగంట వేడిలో పెడతారు, అప్పుడు ఏ నెలైనా ఒకటే.

సగానికి మించి అడ్వాన్సు ఇవ్వకండి, మిగతాది పగటి వెలుతురులో బండి చూసుకున్నాకే. సాయంత్రం ట్యూబ్‌లైట్ కింద తాళాలు తీసుకోవద్దు. ఇంటికొచ్చాక మొదటి నెల వ్యాక్స్, పాలిష్ వద్దు, కవర్ కూడా వేయకండి. రంగులో మిగిలిన తిన్నర్ ఆవిరి బయటికి పోవాలి. మామూలు నీళ్లతో కడిగి మెత్తని గుడ్డతో అద్దితే చాలు. పావురం రెట్ట పడితే మాత్రం ఆదివారం దాకా ఆగకుండా అదే రోజు తీసేయాలి. తడిగుడ్డ దాని మీద కాసేపు వేసి నానబెట్టి ఎత్తేయండి. ఎండిపోయినదాన్ని పొడిగా గీకితే ఆ ముద్ర కొత్త క్లియర్‌లో ఉండిపోతుంది.